పాఠకుల ప్రశ్నలు: ఆకు రాలే కాలం, ఆకు పుట్టే కాలం

ఉదయపు నడక గురించి గత సంచికలో రాసిన నాలుగు మాటలకు చాలా ఉత్తరాలు వచ్చాయి. బరువు, రక్తపోటు, మోకాళ్ల నొప్పుల సంగతి అడిగిన వాటిని వైద్యుల శీర్షికకు పంపించాను. నడిచే దారిలో కనిపించే చెట్టూ చేమా, పిట్టా పురుగూ, వాటితో పాటు మారే మనసు గురించి అడిగిన అయిదు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మూడేళ్లు బోస్టన్‌లో ఉండి నిరుడు తిరిగి వచ్చాను. అక్కడ అక్టోబరులో అడవి మొత్తం ఎర్రగా, పసుపుగా మారిపోతుంటే దాన్ని చూడటానికే శనివారాలు మైళ్ల కొద్దీ నడిచేవాళ్లం. ఇక్కడ ఎండ, ఇంకాస్త ఎండ, నాలుగు వానలు తప్ప ఋతువులే కనిపించవు. రోజూ పార్కులో నడుస్తున్నా చూడటానికి ఏమీ లేదనిపిస్తోంది. ఇది నా చూపులో లోపమా, ఈ నేలలో లోపమా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: లోపం ఎవరిదీ కాదు. చలి లెక్కన ఋతువులు నడిచే చోట మీరు చూడటం నేర్చుకుని, నీటి లెక్కన ఋతువులు నడిచే చోటికి తిరిగి వచ్చారు. బోస్టన్ పరిసరాల్లోని చెట్లకు ఏడాదిలో గడ్డుకాలం శీతకాలం. పొద్దు కురచబడి, నేలలో నీరు గడ్డకట్టే ఆ నెలలకు ముందే అవి ఆకులోని సారాన్ని కొమ్మల్లోకి లాక్కుని, ఆకును వదిలించుకుంటాయి. పచ్చదనం విరిగిపోగానే అంతవరకూ దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. మేపుల్ వంటి చెట్లు ఆ చివరి రోజుల్లో ఎరుపును కొత్తగా తయారుచేసుకుంటాయి కూడా. మన దక్కను పీఠభూమి మీది చెట్లకు చలి అంత ప్రాణాంతకం కాదు. నేలలో తడి ఇంకిపోయే మాఘ ఫాల్గుణాలు మొదలుకొని తొలకరి దాకా సాగే కరువే వాటికి గండం. అందువల్ల ఇక్కడ చాలా చెట్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో, పెద్దగా రంగుల ఆర్భాటం లేకుండా ఆకు రాలుస్తాయి. ఆర్భాటమంతా ఆ తరువాత, సరిగ్గా మనం ఎండకు జడిసి నడక మానేసే రోజుల్లో జరుగుతుంది.

ఆకు రాల్చిన చెట్టు నుంచి నీరు ఆవిరిగా పోవడం దాదాపు ఆగిపోతుంది. లోతైన వేళ్లు తెచ్చిన కాస్త నీరు కాండంలో నిలవ ఉంటుంది. ఆ నిలవతోనే, నెత్తిన సూర్యుడు మండుతుండగా, వానలకు రెండు మూడు నెలల ముందే చెట్టు కొత్త చిగురు వేస్తుంది. మొదటి వాన పడే నాటికి ఆకు ముదిరి పనిలోకి దిగడానికి సిద్ధంగా ఉండాలన్నది ఇందులోని ఏర్పాటు. రావి, మామిడి, ఇప్ప, వేప చెట్ల లేత చిగురును ఒకసారి దగ్గరగా చూడండి. అది పచ్చగా ఉండదు, రాగి రంగులో, కొన్ని చోట్ల ద్రాక్షపండు రంగులో, పట్టుగుడ్డలా మెత్తగా వేలాడుతూ ఉంటుంది. ఆ ఎరుపునిచ్చే ఆంథోసయనిన్ వర్గపు పదార్థమే మీరు బోస్టన్‌లో చూసిన మేపుల్ ఆకునూ ఎర్రబరిచింది. ఆ రంగు అక్కడ ఆకు రాలిపోయే ముందు కనిపిస్తుంది, ఇక్కడ ఆకు పుట్టగానే కనిపిస్తుంది. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి మార్చి నెలలో రావిచెట్టు కింద కాసేపు నిలబడకుండా ముందుకు సాగడం నా వల్ల కావడం లేదు.

పూల వరుస కూడా ఇలాగే ఎండతో పోటీ పడి నడుస్తుంది. శివరాత్రికి అటూ ఇటూగా బూరుగ చెట్టు ఒక్క ఆకైనా లేని కొమ్మల మీద చేతి వెడల్పు ఎర్రపూలు పూస్తుంది. వాటిలోని తేనె కోసం గోరింకలు, కాకులు, ఉడుతలు చేసే సందడి చెట్టును చూడకముందే చెవిన పడుతుంది. ఆ వెంటనే హోళీ నాటికి మోదుగ, రాళ్ల గుట్టల మీద పసుపుపచ్చని కొండగోగు పూలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే ఇప్పపూలు నేల రాలతాయి, ఆదిలాబాద్ అడవుల్లో గోండు కుటుంబాలు ఎలుగుబంట్ల కన్నా ముందు వాటిని ఏరుకోవడానికి చీకటితోనే బయలుదేరుతాయి. ఏప్రిల్ దాటితే రేలచెట్టు పసుపు గుత్తులు దీపాల తోరణంలా వేలాడతాయి. రోడ్ల పక్కన తురాయి ఎర్రబడేది మే నెలలో. అది మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టే అయినా ఇప్పుడు మన వేసవికి అదే గుర్తుగా నిలిచింది.

మీరు నడిచే పార్కు ఏదో రాయలేదు. వీలుంటే నెలకు ఒకసారైనా కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం చుట్టూ నడవండి. కత్తిరించి పెంచిన తోటగా కాక, ఈ నేల సొంత చిట్టడవిగా మిగిలిన చోటు అది. అక్కడి గ్రానైటు బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఫిబ్రవరిలో ఆకురాలిన పొదల మధ్య అవి ఎంత నగ్నంగా బయటపడతాయో, ఆగస్టులో తీగల కింద ఎలా మాయమవుతాయో చూస్తే, ఋతువు ఉందా లేదా అన్న సందేహం మీకు మళ్లీ రాదు. ఒక్క షరతు. ఏప్రిల్, మే నెలల్లో నడక మానకండి. ఆరు గంటలకల్లా ఇంటికి తిరిగి వచ్చేలా వెళ్లండి, అంతే.

ప్రశ్న: పంచాంగం ప్రకారం జ్యేష్ఠ ఆషాఢాలు గ్రీష్మం, శ్రావణ భాద్రపదాలు వర్ష ఋతువు. ఆషాఢానికే ఉత్తరాంధ్రలో కుండపోత, శ్రావణంలో కూడా మా అనంతపురంలో దుమ్ము. పుస్తకంలోని ఋతువుకూ నేను నడిచే దారికీ పొంతన కుదరడం లేదు. నడకలో ఋతువును గుర్తుపట్టాలంటే దేన్ని ఆధారం చేసుకోవాలి?
— విశ్రాంత ఉద్యోగి, అనంతపురం

జవాబు: మీరు గమనించినది సరైనదే. చాంద్రమానంలో పన్నెండు నెలలు కలిపితే సుమారు 354 రోజులే వస్తాయి. ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ, అధికమాసం వచ్చినప్పుడు ఒక్కసారిగా ముందుకు దూకే నెలలతో చెట్టూ వానా లెక్క కలపలేవు. మన రైతులు అందుకే ఋతువుల పేర్లను పూజా సంకల్పానికి వదిలి, సేద్యానికి కార్తెలను పట్టుకున్నారు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలం ఒక కార్తె. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులు. ఇవి సూర్యుడిని బట్టి నడిచేవి కనుక ఏటా దాదాపు ఒకే తేదీన వస్తాయి. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, జూన్ 22 ప్రాంతంలో ఆరుద్ర. రోహిణిలో రోళ్లు పగులుతాయన్నా, ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయన్నా, ఆ మాటల వెనుక తరాల తరబడి పొలం గట్ల మీద నడిచిన వారి చూపు ఉంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. కార్తెల లెక్క నక్షత్రాలను బట్టి సాగేది కనుక, భూమి అక్షం మెల్లగా దిశ మారడం వల్ల అది అసలు ఋతువులతో పోలిస్తే వెయ్యేళ్లకు సుమారు పద్నాలుగు రోజులు, అంటే ఇంచుమించు ఒక కార్తె మేర జరిగిపోతుంది. ఏ సామెతైనా అంత పాతదైతే, అది చెప్పే వాన ఇప్పుడు ముందు కార్తెలోనే కురుస్తూ ఉండవచ్చు. పెద్దల మాట తప్పిందని తొందరపడి అనుకోకుండా ఉండటానికి ఈ లెక్క నాకు ఉపయోగపడింది.

అనంతపురం సంగతి మరీ ప్రత్యేకం. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి, ఈశాన్య వానలు అక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే వానలో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే పడుతుంది. అంటే మీ దారిలో వర్ష ఋతువు ఉత్తర, హస్త, చిత్త కార్తెలలో వస్తుంది. నెల్లూరు వైపు వెళితే అది ఇంకా ఆలస్యం, అక్కడి చెరువులు నిండేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టులో గూడబాతులు తమిళనాడు సరిహద్దు దాకా ఉన్న నీటిపట్టులన్నీ చూసుకుని, ఆ వానల తరువాతే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచడంలో ఆశ్చర్యం లేదు. వాటికి పంచాంగం అక్కర లేదు, చెరువులో నీరు, నీటిలో చేప ఉంటే చాలు.

మీరు చేయదగిన పని ఒకటి ఉంది. ఒక నోటుపుస్తకం తీసుకుని, కార్తె ప్రవేశించిన రోజున మీరు రోజూ నడిచే దారిలోనే నడిచి వచ్చి, మూడే మూడు సంగతులు రాయండి. ఏ చెట్టు ఆకు ఎలా ఉంది, ఏ కూత వినబడింది, చెరువులో గానీ కుంటలో గానీ నీరు ఎక్కడి దాకా ఉంది. ఏడాదికి 27 పుటలు. పదకొండేళ్లుగా నేను రాస్తున్నాను. రెండో ఏడాది నుంచే పాత పుట తిప్పి చూసుకుని బయలుదేరడం అలవాటైంది. అప్పటి నుంచి నడక తీరే మారిపోయింది, ఎందుకంటే దారిలో కనిపించేదానితో పాటు కనిపించవలసి ఉండి కనిపించనిది కూడా తెలుస్తుంది. మా దారిలో ఆరుద్ర పురుగులు కనిపించిన చివరి పుట నాలుగేళ్ల కిందటిది. ఆ ఖాళీ స్థలంలో ఇప్పుడు సిమెంటు రోడ్డు ఉంది.

ప్రశ్న: కొండలు, అడవులు ఎక్కి చూసేవారి మాటలు చదివితే ముచ్చటేస్తుంది. నాకు తెల్లవారుజామున దొరికేది అరగంట. ఒంటరిగా ఊరి బయటికి వెళ్లడానికి ఇంట్లో ఒప్పుకోరు, నాకూ ధైర్యం లేదు. మా వీధి, వీధి చివర కాలువ, ఇంతే నా నడక. ఇందులో చూడదగినది ఏమైనా ఉంటుందా?
— ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, కాలువ ఉన్న వీధి మీ చేతిలో ఉండగా అడవి కోసం బెంగ పెట్టుకోవలసిన పని లేదు. జూన్, జూలైలలో ఆ కాలువకు నీళ్లు వదిలి, పొలాల్లో నారుమళ్లు పోసే రోజుల్లో, పశువుల వెంట తిరిగే తెల్లకొంగల్ని గమనించండి. నిన్నటి దాకా పాలలా ఉన్న వాటి తల, మెడ, వీపు నారింజ రంగుకు తిరిగి ఉంటాయి. అవి జతకట్టి గూళ్లు పెట్టే కాలమది. వానలు ముగిశాక ఆ రంగు పోయి మళ్లీ తెల్లబడతాయి. కాలువ గట్టున ఈతచెట్టో తుమ్మచెట్టో నీటి మీదికి వంగి ఉంటే, ఆ కొమ్మలకే గిజిగాడు గూళ్లు కడతాడు. మగపిట్ట వరి ఆకునో గడ్డినో సన్నగా చీల్చి తెచ్చి, సగం గూడు అల్లి, దానికి వేలాడుతూ రెక్కలాడిస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి చూసి, నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. నచ్చక వదిలేసిన సగం గూళ్లు ఆ కొమ్మకే ఎండి వేలాడుతూ ఉంటాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు జాలి కలుగుతుంది.

మీకు దొరికే తెల్లవారుజాము కంటి కన్నా ముక్కుకూ చెవికీ ఎక్కువ ఇస్తుంది. చైత్రంలో వేపపూత వాసన ఎండ ఎక్కకముందే బాగా తెలుస్తుంది. వానలు తగ్గి ఆశ్వయుజం వచ్చేసరికి ఎవరింటి గోడ పక్కనో పారిజాతాలు రాలి ఉంటాయి. రాత్రి విచ్చి తెల్లారకముందే రాలే పూలు కనుక, ఏడు గంటలకు లేచేవారికి అవి వాడిన తరువాతే కనిపిస్తాయి. కార్తీకంలో ఆకాశమల్లి పొడవాటి కాడల తెల్లపూలు రోడ్డు మీద పరుచుకుంటాయి. ఇక కోకిల. కూసేది నల్లటి మగది. మచ్చల గోధుమరంగు ఆడది కీచుగా అరుస్తుందే గాని పాడదు. మార్చి నుంచి వానాకాలం దాకా ఆ కూత సాగుతూ, కాకులు గూళ్లు పెట్టే కాలమంతా ఉండి, ఆ తరువాత తగ్గిపోతుంది. అది ఏ రోజు నుంచి వినబడటం లేదో గుర్తుంచుకున్న వారిని నేను ఇద్దరు ముగ్గురిని మాత్రమే కలిశాను. మీరు ఆ కొద్దిమందిలో చేరవచ్చు, దానికి అరగంట చాలు.

తోడు సంగతి కూడా ఒక మాట. మీ వీధిలో మీలాగే అరగంట కోసం ఎదురుచూసేవారు మరో ఇద్దరైనా ఉండకపోరు. అడిగి చూడండి.

ప్రశ్న: తొలకరి పడగానే మా మిత్రబృందం అనంతగిరి కొండలకు నడకకు వెళ్తుంది. వానాకాలపు నడకలో పాటించవలసిన జాగ్రత్తలు చెప్పండి. వాన మొదలైనప్పుడు వచ్చే మట్టివాసన గురించి కూడా తెలుసుకోవాలని ఉంది.
— ఒక విద్యార్థి, వికారాబాద్

జవాబు: జాగ్రత్తలు క్లుప్తంగా చెబుతాను. ఉరుము వినబడితే ఎత్తయిన బండ మీద గాని, ఒంటరి చెట్టు కింద గాని నిలబడకండి. పాములు, తేళ్లు బయటికి వచ్చే కాలం కనుక కాళ్లు మూసే బూట్లు వేసుకుని, చూసి అడుగు వేయండి. ఎవరినైనా పాము కాటేస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం, మంత్రగాడి దగ్గరకు తీసుకుపోవడం చేయకుండా, కదలనివ్వకుండా, 108కు ఫోన్ చేసి విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చండి. స్పీకరులో పాటలు పెట్టుకుని నడవకండి. మూసీ నది పుట్టిన కొండ అది, ఆ అడవి పాట వినడానికే కదా వెళ్తున్నారు.

మట్టివాసన మట్టిది కాదు, అందులో బతికే సూక్ష్మజీవులది. ఆక్టినోబాక్టీరియా అనే ఆ జీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. ఎండిన నేల మీద చినుకు పడినప్పుడు లోపలి గాలి చిన్న చిన్న బుడగలై పైకి లేచి పగిలి, ఆ పదార్థాన్ని గాలిలోకి చిమ్ముతుంది. మొక్కలు ఎండలో విడిచిన నూనెలు కూడా అందులో కలుస్తాయి. ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1964లో ఈ వాసనకు ఇంగ్లీషులో ఒక పేరు పెట్టారు. దానికి ఎంతో ముందు నుంచే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఈ వాసనను మట్టి బిళ్లల నుంచి అత్తరుగా దింపుతున్నారు. మనిషి ముక్కు జియోస్మిన్‌ను ఎంత కొంచెంగా ఉన్నా పసిగడుతుంది. మీ బృందంలో ఎవరు ముందు పసిగడతారో ఈసారి చూడండి. గాలివాటున వాన ఎటు కురుస్తోందో చినుకు మన మీద పడకముందే చెప్పవచ్చు.

ప్రశ్న: ముప్పై అయిదేళ్లు నేనూ నా భార్యా ఊరి చెరువుకట్ట మీద ఉదయం నడిచాం. మాఘంలో ఆమె కన్నుమూసింది. కట్ట చివర ఒక కానుగ చెట్టు ఉంది. పూలు రాలే రోజుల్లో ఆమె అవి ఒక గుడ్డ సంచిలో ఏరుకొచ్చి ఇంట్లో కుండీలకు వేసేది. ఇప్పుడు ఆ వైపు కాళ్లు పోవడం లేదు. నడక మానవద్దంటున్నారు డాక్టరుగారు. ప్రకృతి మనసుకు ఓదార్పునిస్తుందని మీలాంటివారు రాస్తారు. నాకు అది నిజమనిపించడం లేదు.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్ జిల్లా

జవాబు: మాష్టారూ, మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరన్నది నిజం. చెట్టుకు మన దుఃఖం తెలియదు. మనిషి పోయిన వారానికే అదే కొమ్మ మీద అదే పిట్ట అదే కూత కూస్తుంటే, ఓదార్పు మాట అటుంచి, ముందు కలిగేది కోపమే. మా అమ్మ స్వాతి కార్తెలో వెళ్లిపోయింది. పైన చెప్పిన నోటుపుస్తకంలో ఆ ఏటి స్వాతి పుట ఖాళీగా ఉంది. విశాఖ, అనురాధ పుటల్లో చెరువు నీటి మట్టం ఒక్కటే రాసి ఉంది. ఆకు గురించీ కూత గురించీ రాయడానికి మనసొప్పలేదు. నీరు ఎన్ని మెట్ల కింద ఉందో లెక్కపెట్టడానికి మాత్రం మనసుతో పని లేదు, కళ్లు చాలు. జ్యేష్ఠ కార్తెలో, ఎందుకో తెలియదు, "కట్ట మీద పాలపిట్ట ఎగిరింది" అని రాసి ఉంది. కూర్చున్నంతసేపూ మట్టిరంగుగా ఉండి, ఎగిరినప్పుడే రెక్కల్లోని నీలం చూపే పిట్ట అది. దాన్ని చూసి నేను ఓదార్పు పొందానని చెప్పను. చూశాను, రాశాను. ఆ రోజుకు నాకు చేతనైంది అంతే.

కాబట్టి మీరు కానుగ చెట్టు దాకా నడవాలని నేను అడగను. కట్టకు రెండో కొస ఉంటుంది కదా, తూము ఉన్న వైపు. అటు నడవండి. కాకతీయుల నాటి నుంచీ మీ జిల్లా చెరువుల మీద బతికిన నేల, తూము దగ్గర నీటి మట్టం చూసి రావడం ఏ ఊళ్లోనైనా అవసరమైన పనే. మాట్లాడే తోడు లేని నడక మొదట్లో చాలా పొడవుగా అనిపిస్తుంది. ఆ పొడవును తగ్గించే ఉపాయం నాకు దొరకలేదు. అయితే ముప్పై అయిదేళ్లలో మీరిద్దరూ చూసినదంతా ఇప్పుడు మీ ఒక్కరి దగ్గరే ఉంది. ఏ ఏడు చెరువు అలుగు పారిందో, ఏ ఏడు కానుగ ఆలస్యంగా చిగురించిందో ఆమె అన్న మాటలతో సహా మీకు గుర్తుండి ఉంటుంది. వీలైనప్పుడు, తేదీల వరుస చూసుకోకుండా, గుర్తొచ్చినంత వరకు రాసి పెట్టండి.

కానుగ చైత్రంలో ఆకు మార్చి, భరణి, కృత్తిక కార్తెలలో పూస్తుంది. ఈ సంచిక మీ చేతికి అందేసరికి ఆ చెట్టు కింద లేత ఊదారంగు పూలు పేలాలు ఒలికినట్టు పరుచుకుని ఉంటాయి. రోహిణి ముదిరితే రాలడం ఆగిపోతుంది. మీరు అటు వెళ్లలేకపోతే, కట్ట మీద నడిచే మిత్రులలో ఎవరినైనా ఒక సంచి నిండా తెచ్చిపెట్టమని అడగండి. అవి కుళ్లితే మంచి ఎరువవుతాయి. ఆమె పెంచిన కుండీలకు ఈ ఏడాది కూడా వేయాలి కదా.